ఒక్క పొర మిగిలింది

కదలకుండా పడుకోవాలి, అంతే, వేరే పనేమీ లేదు అన్నాడు స్కానింగ్ అతను, పడుకోవడమేదో ఆవిడకి రోజూ దక్కే భాగ్యమైనట్టు. ఆవిడ పడుకుంది. చెవుల్లో స్పాంజి బిరడాలు దూర్చాడు, వాటి మీద హెడ్‌ఫోన్లు, తల పక్కన సందు లేకుండా దిండు ముక్కలు, మొహం మీద తెల్లటి ప్లాస్టిక్ పంజరం. చేతిలో ఒక రబ్బరు బుడ్డ పెట్టి, "భయమేస్తే నొక్కండమ్మా, బయటికి లాగేస్తాం. ఉత్తపుణ్యానికి మాత్రం నొక్కకండి" అన్నాడు. బల్ల లోపలికి జారింది. ముక్కుకి జానెడు దూరంలో గుండ్రటి కప్పు. కళ్లు మూసుకోవడమే మంచిదనుకుంది, మూసుకుంది, మూసుకోగానే ఎడమ చెవిలో అది, ఎప్పుడూ ఉండేదే, సన్నగా, తెగకుండా, గీఁ అని. బిరడాలు పెట్టాక దానికింకా హాయిగా ఉన్నట్టుంది, బయటి రొద అడ్డం లేదు కదా, ఇల్లంతా తనదే అన్నట్టు కాళ్లు చాపుకుంది. ఉండవే, నీ సంగతి తేల్చడానికే వచ్చాం, అంది ఆవిడ లోపల్లోపల.

తేలాల్సింది ఒక్కటే. గడ్డ ఉందా, లేదా. చెవి డాక్టరమ్మ ఎంతో సున్నితంగానే చెప్పింది, ఒక్క చెవిలోనే మోత అంటున్నారు, ఆ చెవికే వినికిడి కాస్త తగ్గింది, కాబట్టి లోపలి నరం మీద చిన్న గడ్డలాంటిదేమీ లేదని ఒకసారి చూసేసుకుందాం, సాధారణంగా ఉండదు అని. అక్కడితో ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు ఈయన, కట్టుకున్నవాడు మరి, ఉంటేనో, అని అడిగాడు. ఉంటే తీసేయాలి, తీస్తే ఆ చెవి మిగలకపోవచ్చు, ముందే చెప్తున్నా, అంది డాక్టరమ్మ. ఆ మాట వినగానే ఈయన కుడికాలు కుర్చీ కింద నేలని గట్టిగా తొక్కింది. డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు మరి, పక్క సీట్లో కూర్చుని తన వైపున్న బ్రేకు తొక్కడమే ఆయన ఉద్యోగం, పాలు పొంగుతున్నా తొక్కుతాడు, టీవీలో ఎవరైనా మెట్ల మీంచి జారబోతున్నా తొక్కుతాడు. ఆ రోజు నేల ఆగలేదు. సాధారణంగా ఉండదు అన్న మాట ఆ గదిలోనే ఉండిపోయింది, గడ్డ మాత్రం వాళ్లతోపాటు కారెక్కి ఇంటికొచ్చింది.

చిక్, చిక్, చిక్. ఏమిటది? యంత్రం ఇంకా మొదలవలేదు కానీ ఎక్కడో వెనకనుంచి పిచ్చుక గొంతులాంటి చప్పుడొకటి, ఊరికే, ఒకే ఎడంతో. యంత్రం ఊపిరి కాబోలు. ఆవిడకి సమంగా నడిచే చప్పుడు దొరకడం, ఆకలిగా ఉన్నవాడికి వంటింటి వాసన తగలడం ఒకటే. చిక్, చిక్, దీనికి మధ్యలో ఒక చిటిక వేస్తే, కింద మెల్లగా ఒక దరువు పెడితే, పైన చిన్నదాని గొంతు. వద్దు, కదలకూడదు. బయట కుర్చీలో కూర్చోబెట్టి ఉంగరం, చెవిదిద్దులు, జడపిన్నులు, గడియారం, ఫోను అన్నీ తీయించి తన ఒళ్లో పోసుకుని, చిల్లర సామాన్ల కొట్టువాడిలా కూర్చుని ఈయన చెప్పనే చెప్పాడు, "తల ఊపకు. నీకు తాళం దొరికితే తల ఆగదు" అని. "నేనేమన్నా చిన్నపిల్లనాండీ?" అని కసిరింది. ఫోను ఇచ్చేటప్పుడు మాత్రం చెయ్యి రాలేదు. ఉంగరం ఇట్టే ఇచ్చేసింది.

"మొదలుపెడుతున్నామమ్మా" అంది హెడ్‌ఫోన్లలో గొంతు, అనీ అనకముందే టక్ టక్ టక్ టక్, ఎవరో తలుపు బాదినట్టు, ఆ వెంటనే డగడగడగడగ, అమ్మో, చప్పుడుంటుందని చెప్పారు గానీ ఇంతని చెప్పలేదు. బుడ్డ మీద వేళ్లు బిగుసుకున్నాయి. ఉండు, ఉండు, ఇదీ చప్పుడే కదా, చప్పుడంటే నీకు భయమేంటే, అద్దం అంచు అరగదీసే మిషన్ ముందు ఇన్నేళ్లు నిలబడ్డదానివి. కళ్లజోళ్ల షాపులో అద్దాలు బిగించే పని ఆవిడది. డాక్టరు రాసిన చీటీ ప్రకారం అద్దం వస్తుంది, గుండ్రంగా, పళ్లెంలా, దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీయాలి, మిషన్‌లో పెట్టి మూత వేస్తే నీళ్లు చిమ్ముతూ జుయ్ మంటూ తిరుగుతుంది, మూల దగ్గరికి రాగానే గొంతు కొంచెం పైకెళ్తుంది, మూల దాటగానే దిగుతుంది. చాలాకాలం అది ఉత్త చప్పుడే ఆవిడకి. చిన్నది ఫోనులో చప్పుళ్లు పట్టే యాప్ పెట్టిన రోజునుంచీ పాటయింది.

చిన్నది అంటే తోడికోడలు, మరిది పెళ్లాం, పిల్లల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుని పొద్దస్తమానం తరవాత ఎవరండీ, తరవాత ఎవరండీ అని పిలుస్తుంది, ఆ గొంతు అంతా సాయంత్రానికి పాటలోకి దించుతుంది. ఒకరోజు వచ్చి, "అక్కా, ఈ గుండ్రాలు చూడు" అంది. తెర మీద నాలుగు గుండ్రాలు. ఒకదాన్ని నొక్కితే ఎర్రబడుతుంది, అప్పుడు ఏం చప్పుడు చేస్తే అది పట్టుకుంటుంది, మళ్లీ నొక్కితే పచ్చబడి, పట్టుకున్నదాన్ని తిప్పి తిప్పి వినిపిస్తూనే ఉంటుంది, అది తిరుగుతుండగానే అదే గుండ్రంలో పైన ఇంకోటి వేసుకోవచ్చు, ఆ పైన ఇంకోటి. పొర మీద పొర. తప్పు పోతే ప్రతి గుండ్రం పక్కనా వెనక్కి బాణం ఉంది, నొక్కితే అందులో చివరి పొర చెరిగిపోతుంది, కింద ఉన్నవి అలాగే ఉంటాయి. "మొదటి పొర జాగ్రత్తగా వెయ్యాలక్కా. అదెంత పొడుగుంటే పాట అంతే. అది పెద్దకోడలు లాంటిది, వెనకొచ్చినవాళ్లంతా దాని కొలతకే సర్దుకోవాలి" అని నవ్వింది చిన్నది. "సర్దుకున్నట్టు బలే చెప్పొచ్చావు" అని ఆవిడ దాని జడ పట్టి లాగింది. మర్నాడే షాపులో భోజనాల వేళ షట్టరు సగం దించి, స్క్రూల డబ్బా పట్టుకుని ఆడించింది, చిక్‌చిక చిక్‌చిక, ఎర్ర గుండ్రం, పచ్చ గుండ్రం. కళ్లజోడు కేసు మూత టప్పున మూసింది. తుడిచే బట్ట పెట్టి అద్దాన్ని సర్‌మని రుద్దింది. మిషన్ ఆన్ చేసి ఖాళీ అద్దం ఒకటి వేసింది, జుయ్. నాలుగూ కలిసి తిరుగుతుంటే కౌంటరు మీద మోచేతులు ఆనించి అలాగే ఉండిపోయింది, తినడం మర్చిపోయింది. నలభై దాటాక ఇలాంటిదొకటి దొరుకుతుందని ఎవరనుకుంటారు. పాటలు రావు ఆవిడకి, చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదు, గొంతూ అంతంతమాత్రం. కానీ తాళం వచ్చునని, అదీ ఇంత బాగా వచ్చునని, ఒక డబ్బాడు స్క్రూలు చెప్పేదాకా తెలియలేదు.

డగడగ ఆగింది. చిక్, చిక్. మళ్లీ ఇంకో రకం, బర్ర్‌ర్ బర్ర్‌ర్ బర్ర్‌ర్, ఇది బాగుంది, దీనికి ఆగి ఆగి నడిచే నడక ఉంది, మూడు బర్రులు, ఒక ఖాళీ, మూడు బర్రులు, ఒక ఖాళీ, ఆ ఖాళీలో టప్పని కేసు మూత మూస్తే ఎలా ఉంటుంది, మూసింది, లోపల్లోపలే, టప్. బాగుంది. స్క్రూల డబ్బా. బాగుంది. ఆ తరవాత ఈయన చప్పట్లు, అవి ఎప్పుడూ కాస్త వెనకే కదా. ఒకసారి సరదాకి ఈయన చేత చప్పట్లు కొట్టించింది, పాటలో వేద్దామని. మనిషి మంచివాడే, ఓపిక ఉన్నవాడే, ముప్పైసార్లు గేరు తప్పు వేసినా కోపం రాదు, తాళం మాత్రం ఆయన దారిన ఆయనది. అందరూ కొట్టాక, ఎవరూ రావట్లేదు కదా అని అటూ ఇటూ చూసుకుని అప్పుడు కొడతాడు. వెనక్కి బాణం మీద వేలు పెట్టింది చెరిపేద్దామని. పొర ఇంకొకసారి తిరిగింది, వెనకబడ్డ ఆ చప్పట్లు మళ్లీ వచ్చాయి, చిన్నది పగలబడి నవ్వింది, ఉంచెయ్యక్కా, ఇదే బాగుంది, బావగారు వెనక నడుస్తూ వస్తున్నట్టుంది, అంది. ఉంచేసింది. మూడు బర్రులు, ఖాళీ, టప్, వెనకగా చప్పట్లు. ఆవిడకి యంత్రం లోపల ఉన్నానన్న సంగతే కాసేపు గుర్తులేదు.

ఆ చెవిలోది కూడా మొదట పొరే అనుకుంది కదా, అదీ తమాషా. పాట వింటుంటే పైన ఎక్కడో సన్నగా ఒక కీచు, తను వేయని స్వరం. మిషన్ చప్పుడు పట్టినప్పుడు దూరి ఉంటుందని ఆ పొర చెరిపింది. పోలేదు. అయితే ఇది చిన్నదాని పనే అని ఫోను చేసింది. "నీ గొంతు చివర ఆ ఈల ఏంటే, ఊపిరి సరిగ్గా వదలొచ్చు కదా" అంది. "ఈలా? నా గొంతులోనా? నీ చెవులు శుభ్రం చేయించుకో అక్కా" అని ఫోను పెట్టేసింది చిన్నది, రెండు రోజులు మాట్లాడలేదు. దాని గొంతు పొర చెరిపింది, పోలేదు. ఈయన చప్పట్లు చెరిపింది. బట్ట చప్పుడు చెరిపింది. కేసు మూత చెరిపింది. ఒక్కో పొర తీస్తున్నకొద్దీ కీచు ఇంకా స్పష్టంగా, ఇంకా దగ్గరగా వస్తోంది. చివరికి స్క్రూల డబ్బా ఒక్కటే మిగిలింది, దాని మీద వేలు పెట్టి, ఇది కూడానా, అనుకుంటూ అదీ చెరిపేసింది. నాలుగు గుండ్రాలూ ఖాళీ. గీఁ. యాప్ మూసింది. గీఁ. ఫోను ఆపేసి, తువ్వాల్లో చుట్టి బీరువాలో బట్టల మధ్య దోపి, తలుపు మూసి, మంచం మీద కూర్చుంది. ఆవిడతోపాటు అదీ వచ్చి కూర్చుంది. అప్పుడు తెలిసింది, వెనక్కి బాణం దీనికి పనిచేయదని. పడుకుని దుప్పటి కప్పుకుంది, పట్టపగలు.

ఈయనకి చెప్పడానికి చాలా రోజులు పట్టింది. చెప్తే నిజమైపోతుందని భయం. చెప్పినరోజు ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఏదీ, నాకూ వినిపించు" అని తన చెవి తెచ్చి ఆవిడ చెవికి ఆనించాడు. అలా ఆనించి ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు, గోడ అవతల ఎవరో మాట్లాడుకుంటుంటే వినేవాడిలా. గడ్డం గుచ్చుకుంటోంది. నవ్వు రావాలి, రాలేదు. "ఏం వినపడట్లేదే" అన్నాడు, తప్పు తనదైనట్టు. వినపడదని ఆవిడకి తెలుసు. అయినా వినపడుతుందేమోనని ఒక్క క్షణం ఆశపడింది. ప్రపంచంలో ఎవరికీ వినపడని చప్పుడు ఒక్కదాని నెత్తిన పెట్టుకుని తిరగడం ఎలా ఉంటుందో ఎవరితో చెప్పుకుంటుంది? షాపుకొచ్చినవాళ్లు చీటీ ఇస్తూ ఏదో అంటారు, ఎడమవైపు నించుంటే సగం అందదు, ఆఁ ఆఁ అంటుంది. యాప్‌లో ఏ పొర ఎటువైపు వినపడాలో జరుపుకునే వీలుంది, స్క్రూల డబ్బాని కుడివైపు, ఈయన చప్పట్లని మధ్యలో వెనకగా, చిన్నదాన్ని ఎప్పుడూ ఎడమవైపు కూర్చోబెడుతుంది, వంటింట్లో కూర్చునే చోటే. ఆ చెవి పోతే చిన్నదాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలి?

చప్పుడు ఆగింది. చిక్, చిక్. హెడ్‌ఫోన్లలో గొంతు గరగరమంది. "అమ్మా, ఇందాకటిది ఇంకోసారి తీస్తున్నాం. కదలకుండా ఉండండి."

ఇంకోసారి. ఎందుకు ఇంకోసారి? మిగతావి ఒక్కోసారే తీశారు కదా, ఇదెందుకు రెండోసారి? ఏదో కనపడింది. కనపడకపోతే ఎవరైనా మళ్లీ చూస్తారా, ఆవిడే అద్దంలో గీత అనుమానం వస్తే దీపం కిందికి పట్టుకెళ్లి మళ్లీ చూస్తుంది, అనుమానం లేనిదాన్ని తుడిచి కేసులో పెట్టేస్తుంది. కనపడింది. బర్ర్‌ర్ బర్ర్‌ర్ బర్ర్‌ర్, ఖాళీ. ఇందాక ఇదే బాగుందనుకుంది, ఇదే దరువు మీద ఈయన చప్పట్లు వేసుకుని ఆనందపడింది పిచ్చిదానిలా, ఆ గాజు కిటికీ అవతల వాళ్లు తెర మీద వేలు పెట్టి, ఇదిగో ఇక్కడ, అనుకుంటున్నారన్నమాట అదే సమయంలో. ఎంత ఉంటుంది? మినపగింజంత ఉన్నా చాలట కొన్నిటికి. ఈసారి తాళం వెయ్యలేదు, ఏమీ వెయ్యలేదు, కట్టెలా పడుంది, నాలుక కూడా కదల్చలేదు, ప్రతి బర్రూ నెత్తిన పడుతోంది. చిన్నదానికి సారీ చెప్పలేదు సరిగ్గా. నీ గొంతు కాదే, నా చెవే అని మాత్రం చెప్పింది, అది ఏడ్చింది, నేనే తిట్టానక్కా చెవులు శుభ్రం చేయించుకోమని, అని. ఎవరి నోటి మాట ఎవరికి తగులుతుందిలే, నువ్వేమన్నా మంత్రం వేశావా అని తనే ఓదార్చింది. ఒక్క చెవితో బతకరా జనం? బతుకుతారు. రోడ్డు దాటేటప్పుడు రెండువైపులా చూసుకుంటే సరి. షాపులో కుడివైపే నించోమంటే సరి. పాట కూడా వినపడుతుంది, ఒకవైపునుంచి. అన్నీ సరే. కానీ చిన్నది ఎడమవైపు లేకుండా, ఖాళీగా, అటువైపు గోడ లేని గదిలా, అమ్మో, వద్దు, నాకొద్దు. కళ్ల చివరలనుంచి నీళ్లు జారి సరిగ్గా చెవుల్లోకే దిగాయి, తుడుచుకోవడానికి లేదు, కదలకూడదు కదా.

బల్ల బయటికొచ్చింది. వెలుగు. చేతికి రంగు మందు ఇంజక్షన్ ఇవ్వాలట, ఇది ముందే చెప్పారు, అయినా ఇప్పుడు ఏది చెప్పినదో ఏది కొత్తదో ఆవిడకి తేడా తెలియట్లేదు. స్కానింగ్ అతను మోచెయ్యి దగ్గర తడి దూది రుద్దుతూ మొహం వైపు చూడలేదు. చూడలేదు! ఎందుకు చూడలేదు? "బాబూ, ఏమైనా కనిపించిందా?" అంది పంజరంలోంచి. "అది డాక్టరుగారు చూసి చెప్తారమ్మా" అన్నాడు. ఈ ఒక్క మాట అనకుండా ఇంకేమన్నా బాగుండేది, ఇవాళ ఎండ ఎక్కువగా ఉంది అన్నా బాగుండేది. మందు చల్లగా చెయ్యంతా పాకింది, నోట్లో ఇనప చెంచా నాకినట్టు రుచి. మళ్లీ లోపలికి.

చివరిది ఒక పొడుగాటి హూంకారం, ఎత్తుపల్లాలు లేవు, ఒకే మట్టంగా, పెద్ద ఫ్రిజ్ పక్కన పడుకున్నట్టు. ఏడుపు అయిపోయింది, భయం కూడా అలిసిపోయి ఒక పక్కకి వాలింది, ఏమీ అనుకోకుండా వింటూ ఉంది ఆవిడ. కింద యంత్రం స్వరం. పైన చెవిలో స్వరం. ఉండు. ఈ రెండూ కలుస్తున్నాయే. కింద ఇది లావుగా ఉంది, పైన అది సన్నగా ఉంది, కానీ కొట్లాడుకోవట్లేదు, ఒకే ఇంట్లో పై అంతస్తూ కింది అంతస్తూలా ఉన్నాయి. ఇన్నాళ్లూ దాన్ని వెళ్లగొట్టడమే చూసింది గానీ అసలు అది ఏ స్వరమో ఎప్పుడైనా వినిందా? రేడియో పెట్టి, ఫ్యాను పెట్టి, అది వినపడకుండా చేసుకుంది. ఇప్పుడు విన్నది. వంకర లేదు, వణుకు లేదు, శ్రుతి తప్పట్లేదు, చిన్నదానికి కూడా ఇంతసేపు నిలపడం చేతకాదు. నీ మొహం మండా, ఇంత శ్రుతి మీదున్నావేమే, అనుకుంది. అనుకుని తనకే ఆశ్చర్యమేసింది. యంత్రం ఆగింది. కింది అంతస్తు ఖాళీ అయింది. పైది అలాగే ఉంది, చిక్, చిక్, చిక్ పైన.

బయటికి లాగి పంజరం విప్పుతూ స్కానింగ్ అతను ఇప్పుడు మొహంలోకి చూశాడు, చూసి నవ్వాడు. "ఏంటమ్మా, లోపల పాటేమన్నా పాడుకున్నారా? మధ్యలో ఒకదానికి గడ్డం తెగ ఊపేశారు, బొమ్మంతా అలలు అలలుగా వచ్చింది. మళ్లీ తీయాల్సొచ్చింది." ఆవిడ లేచి కూర్చోబోయి ఆగిపోయింది. "ఏది? మూడు బర్రులు, ఒక ఖాళీ, అదేనా?" అంది. అతనికి అర్థం కాలేదు, అదేదోలెండి అన్నాడు. గడ్డం! ఈయన చెప్పనే చెప్పాడు, తల ఊపకు అని. అందుకా ఇంకోసారి? ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చు కదా నాయనా, ప్రాణాలు తీశావు, అనబోయి, ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో తేలక.

డాక్టరమ్మ పైగదిలోనే ఉంది, తెర మీద బొమ్మలు తెప్పించుకుని ఒక్కొక్కటే జరుపుతోంది. ఈయన ఒళ్లో సామాన్లన్నీ పిడికిట్లో పట్టుకుని ఆవిడ పక్కన కూర్చున్నాడు, ఉంగరం, దిద్దులు, పిన్నులు, కుడికాలు నేల మీద నొక్కి పెట్టి. డాక్టరమ్మ ఒకచోట ఆగింది, దగ్గరగా చూసింది, ఇంకో బొమ్మ జరిపింది. "శుభ్రంగా ఉంది" అంది. "నరం మీద ఏమీ లేదు. గడ్డ లేదు, ఏమీ లేదు. రాతలో రిపోర్టు రేపిస్తారు గానీ నేను చూశాను కదా, నిశ్చింతగా ఉండండి. మోత ఉంటుంది, పోతే పోతుంది, పోకపోయినా ప్రమాదం లేదు. వినికిడి తగ్గింది కొంచెమే, ఏడాదికోసారి చూసుకుందాం." ఆమె ఇంకా ఏదో చెప్తోంది. ఆవిడకి లేదు అన్న మాట తరవాత ఏదీ ఎక్కలేదు. లేదు. ఉన్న చెవి ఉంటుంది. చిన్నది ఎడమవైపే కూర్చుంటుంది. ఒంటిని ఎవరో తడిబట్టలా పిండి వదిలేసినట్టు భుజాలు జారాయి, ఇంతకాలం అవి అంత పైకి పెట్టుకుని తిరుగుతున్నానని ఇప్పుడే తెలిసింది. పక్కకి చూస్తే ఈయన కాలు నేల మీంచి లేచింది, పిడికిలి వదులైంది, పిన్నులన్నీ గలగలా కిందపడ్డాయి, మనిషి వంగి ఏరుకుంటున్నాడు, ఎంతకీ లేవడే, కళ్లు తుడుచుకోవడానికి కుర్చీ కిందకన్నా మంచి చోటు దొరకలేదు కాబోలు.

కారులో కూర్చున్నారు. నెత్తి మీద డ్రైవింగ్ స్కూలు బోర్డు, రెండువైపులా బ్రేకులు. ఆయన తాళం తిప్పలేదు, ఆవిడా తిప్పమనలేదు. అద్దాలు ఎత్తేసి ఉన్నాయి, బయట జనం వస్తున్నారు, పోతున్నారు, చప్పుడు లేదు. ముందు చిన్నదానికి ఫోను చేసింది, ఏమీ లేదటే అంది, అటునుంచి ఒక్క కేక, ఆ వెనక పిల్లల ఏడుపులు, తరవాత ఎవరండీ అన్న పిలుపు బదులు ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "సాయంత్రం వస్తున్నా అక్కా, గొంతు పూర్తిగా శుభ్రం చేసుకుని వస్తా, ఈల రాకుండా" అని పెట్టేసింది. ఫోను చేతిలోనే ఉంది. యాప్ తెరిచింది. నాలుగు ఖాళీ గుండ్రాలు. కింద హార్మోనియంలాంటి మీటల వరస ఒకటుంది, చిన్నది అప్పుడప్పుడు శ్రుతికి వాడుకుంటుంది, ఆవిడ ఎప్పుడూ ముట్టుకోలేదు. కుడి చివరికంటా జరిపి ఒక మీట నొక్కింది. కాదు, కొంచెం కింద. పక్కది. కాదు, దాటిపోయింది. తల కొంచెం వంచి, ఎడమ చెవిలో విని, మళ్లీ వెతికి, ఇంకొకటి నొక్కింది, వేలు అక్కడే ఆగిపోయింది. బయటిదీ లోపలిదీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఎక్కడ ఏది మొదలవుతుందో తెలియలేదు.

"ఇదండీ" అంది.

"ఏది?"

"నా చెవిలోది. ఇదే."

ఆయన కదలకుండా విన్నాడు. కీచుమంటూ సన్నగా కారంతా నిండింది. "ఇదా?" అన్నాడు. "ఇన్నాళ్లూ, నిద్రలో కూడా, ఇదా?" ఆవిడ తల ఊపింది. "మరి చెప్పవేం" అన్నాడు, చెప్పిందని తెలిసీ. ఆ తరవాత గొంతు సవరించుకుని మ్‌మ్ అని అందుకోబోయాడు. పాడటానికి నోరు తెరవని మనిషి. "అంత పైకి నా వల్ల కాదే." "కిందినుంచి అనండి. అదే స్వరం, కింది అంతస్తులో." "మ్‌మ్." "కాదు, కొంచెం పైకి." "మ్‌మ్." "ఇంకొంచెం. నెమ్మదిగా, క్లచ్ వదిలినట్టు." ఆయనకి నవ్వొచ్చి తప్పింది, మళ్లీ పట్టుకున్నాడు, జారాడు, ఎక్కాడు, స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకుని, ఆఁ, అదే, అదే, ఉండండి, ఆపకండి. కుదిరింది. పై అంతస్తులో ఆవిడది, కింద ఆయనది. ఆవిడ గుండ్రాన్ని నొక్కింది, ఎర్రబడింది. ఆయన మొహం కూడా ఎర్రబడుతోంది ఊపిరి బిగబట్టి, అయినా వదల్లేదు, ఆవిడ మళ్లీ నొక్కేదాకా.

పచ్చ గుండ్రం. ఆయన గొంతు తిరగడం మొదలుపెట్టింది, చివర ఊపిరి చాలక కాస్త వెనకబడి, మళ్లీ అందుకుని. మొదటి పొర. ఆయన ఊపిరి తీసుకున్నాడు, సీటు మీంచి వాలి తన చెవి తెచ్చి ఆవిడ ఎడమ చెవికి ఆనించాడు. గడ్డం గుచ్చుకుంది.

"ఆఁ" అన్నాడు. "ఇప్పుడు వినపడుతోంది."

ఆవిడ ఇంకా పెట్టుకోని దిద్దు ఒకటి తీసి, డాష్‌బోర్డు మీద మెల్లగా తట్టింది, చిక్, చిక్, చిక్. గడ్డం దానంతటదే ఊగడం మొదలుపెట్టింది, ఊగనిచ్చింది.